చెప్పులే చెప్పినయి

శోభారాణి మేడం ఎక్కడికి వెళ్ళినా ముందు చెప్పులు లెక్కపెడుతుంది. మొహాలు చూడడం, నమస్కారాలు, కుశలప్రశ్నలు అన్నీ ఆ తర్వాతే. పెళ్ళికి వెళ్తే అక్షింతల కన్నా ముందు చెప్పులు. పరామర్శకు వెళ్తే కన్నీళ్ళ కన్నా ముందు చెప్పులు. డాక్టరు దగ్గరికి వెళ్తే గుమ్మం ముందు ఒక నిమిషం నిలబడి, "పదకొండు జతలు, అందుల మూడు పిల్లలయి. నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటుతది" అనుకుని, ఇంటికెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టి, పన్నెండు దాటాక వస్తుంది.

ఒకసారి గుడి బయట చెప్పుల స్టాండు ముందు ఇలాగే వేలు చూపిస్తూ నిలబడితే, స్టాండు నడిపే ముసలాయన దొంగ అనుకుని చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. "నువ్వు ఇచ్చిన టోకెన్లు ఎన్ని?" అని అడిగింది. తొంభై అన్నాడు. "తొంభై మూడు జతలున్నయి. ముగ్గురెవరో టోకెన్ తీసుకోకుండ పెట్టిపోయిన్రు, చూస్కో," అంది. ముసలాయన లెక్కపెట్టుకుని, చెయ్యి వదిలేసి, ఆ చేత్తోనే దండం పెట్టాడు.

ఈ కథలన్నీ సాయినాథ్‌కి కంఠతా వచ్చు. పదిమందికీ చెప్పి తిప్పింది అతనే. చెప్పినప్పుడల్లా రెండు మూడు జతలు కలిపి పెంచిందీ అతనే.

సాయినాథ్ ఒక గుడ్డ సంచుల ఫ్యాక్టరీలో హెచ్ఆర్ మేనేజరు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్తూ రెండు మలుపులు తిరిగితే రేకుల షెడ్డు కనిపిస్తుంది, అదే. ఈరోడ్ నుంచి బట్ట వస్తుంది, ఇక్కడ సంచి అవుతుంది, ఓడెక్కి ఎక్కడో మంచు కురిసే దేశంలో సూపర్ మార్కెట్‌కి పోతుంది. అక్కడివాళ్ళకి ఆ సంచిలో ఉల్లిగడ్డలు వేసుకునే ముందు కొన్ని సంగతులు తెలియాలి. కుట్టినవాళ్ళకి గుర్తింపు కార్డుందా, తాగడానికి నీళ్ళున్నాయా, బాత్రూంకి గొళ్ళెముందా, నిప్పంటుకుంటే బయటపడే దారుందా అని. అంతదూరం నుంచి వచ్చి చూడలేరు కాబట్టి హైదరాబాదులో ఒక ఆడిట్ కంపెనీకి ఆ పని అప్పజెప్పారు. ఆ కంపెనీ ఏడాదికోసారి శోభారాణి మేడంని పంపుతుంది. ఆమె రోజంతా తిరిగి, రెండు వందల ప్రశ్నలకు జవాబులు నింపి, కాగితం చివర ఒక్క మాట రాస్తుంది: రిస్కు తక్కువ, మధ్యస్థం, లేదా ఎక్కువ. ఎక్కువ అని రాసిందంటే ఆర్డరు ఇంకో ఊరికి పోతుంది, ఇక్కడ రెండు వందల మంది ఇంటికి పోతారు.

ఫ్యాక్టరీ ఓనర్ జానకిరామయ్య గారికి ఈ వ్యవహారం ఏనాడూ మింగుడు పడలేదు. ముప్పై ఏళ్ళ కిందట గుడివాడ నుంచి వచ్చి, ఒక్క మిషన్‌తో మొదలుపెట్టి ఇంతచేసిన మనిషి.

"ఏమయ్యా సాయినాథూ, కొనేవాడికి సంచి కావాలి గానీ మా బాత్రూం గొళ్ళెంతో పనేంటయ్యా?" అనేవారు.

"సప్లై చైన్ అంటరు సార్. దారం కాడికెల్లి దుకాణం దాకా అంత ఒకటే గొలుసట."

"గొలుసు వాళ్ళది, మెడ మనది," అనేవారాయన.

మూడేళ్ళ కిందట ఆమె మొదటిసారి వచ్చిన రోజు సాయినాథ్ గేటు దగ్గరే ఎదురెళ్ళాడు. ఫ్యాక్టరీలో తెల్లబట్ట మీద మట్టి పడకూడదని పనివాళ్ళ దగ్గర్నుంచి ఓనర్ దాకా అందరూ చెప్పులు బయట మెట్ల పక్కనే విడవాలి. మేడం ఆ మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. యాభై దాటిన మనిషి, కాటన్ చీర, భుజానికి ఒక ఫ్లాస్కు, ఇంకో భుజానికి టిఫిన్ డబ్బా. ఆడిట్‌కి వెళ్ళిన చోట పచ్చినీళ్ళు కూడా ముట్టదు.

"లోపలికి రండి మేడం."

"వస్త గనీ, గీడ జర కూసుంట," అని మెట్టు మీద కూర్చుని, బడిపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినంత గట్టిగా మొదలుపెట్టింది. "ఒకటి. రెండు. మూడు." సూపర్వైజర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ ఎండలో చెప్పుల కంపు భరించలేక లోపలికి జారుకున్నారు. అరగంటకి లెక్క పూర్తయింది.

"సాయినాథ్, ఇయ్యాల హాజరెంత?"

"నూట డెబ్భై నాలుగు మేడం."

"చెప్పులు నూట తొంభై మూడు జతలున్నయి. తాళ్ళ బూట్లు రెండే. ఒకటి నీయి, ఒకటి మీ సేఠ్‌వి. మిగిలిన పందొమ్మిది జతలు ఎవరియి?"

"కొందరు రెండు జతలు తెచ్చుకుంటరు మేడం."

"రెండు జతలు తెచ్చుకునేటోళ్ళు గీ ఎండల నీ కాడికెందుకొస్తరు? గోదాం తాళం ఏది?"

సాయినాథ్ జేబులోంచి తాళంచెవి తీశాడు. కాంట్రాక్టరు ద్వారా శామీర్‌పేట అవతలి ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు పందొమ్మిది మంది, కార్డుల్లేవు, పుస్తకంలో పేర్లు లేవు. ఓనర్ గారి ఆజ్ఞ మీద వాళ్ళని పొద్దున్నే గోదాంలో బట్ట బేళ్ళ వెనక దాచాడు. మనుషుల్ని దాచాడు గానీ మనుషుల చెప్పులు మర్చిపోయాడు. తలుపు తెరిస్తే వాళ్ళు బేళ్ళ మధ్య పల్లీలు వలుచుకుంటూ కూర్చున్నారు. ఆఫీసర్ కనిపిస్తే ఏమనాలో వారం రోజుల నుంచి నేర్పించారు కాబట్టి, అందరూ లేచి ఒక్క గొంతుతో, "అంత మంచిగుంది మేడం," అన్నారు.

ఆ రోజుతో ఆర్డరు పోయిందనే అనుకున్నాడు సాయినాథ్. కానీ ఆమె మధ్యస్థం అని రాసి, రెండు నెలల్లో పందొమ్మిది మందికీ కార్డులు ఇవ్వాలని షరతు పెట్టింది. "ఎక్కువ అని రాస్తే వీళ్ళు గోదాంలకెల్లి సీదా ఇంటికి పోతరు. గది నాకెందుకు?" అంది. కార్డులు వచ్చాయి. ఆ పందొమ్మిది మందిలో దారాలు కత్తిరించే ఐలమ్మ అనే ఆవిడ, తన ఫొటో ఉన్న కార్డుకి పసుపు రాసి మెడలో వేసుకుంది.

ఆనాటి నుంచి సాయినాథ్ చెప్పుల శాస్త్రానికి భక్తుడైపోయాడు. ఇంట్లో కూడా సాధన మొదలుపెట్టాడు. ఒక ఆదివారం భార్య యమున చెప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఎడమది ముంగట అరిగింది. అంటే నీకు కోపమెక్కువ," అన్నాడు.

"గది నా చేతికియ్యి, ఇంకా మంచిగ తెలుస్తది," అంది యమున.

రెండో ఏడు జానకిరామయ్య గారు ముందే జాగ్రత్తపడ్డారు. వాచ్‌మన్ అబ్దుల్ చేత పొద్దున్నే చెప్పులన్నీ గోనెసంచుల్లో కుక్కించి, ఆటోలో వేసి, మేడం వెళ్ళేదాకా హైవే మీద తిప్పుతూ ఉండమన్నారు. మెట్ల పక్కన ఒక్క చెప్పు లేదు. అయితే ఆ ఫ్యాక్టరీలో బాత్రూంలు షెడ్డు బయట ఉన్నాయి, అది ఏప్రిల్ నెల. పదకొండు గంటలకి మొదటి ఆడమనిషి బయటికి వచ్చి, కాలిన కాలు ఎత్తి పట్టుకుని, "మా చెప్పులేవి?" అంది. పదకొండుంబావుకి యాభై మంది అదే మాట అన్నారు. సాయినాథ్ ఫోన్ చేస్తే అబ్దుల్ మేడ్చల్ రైల్వే గేటు దగ్గర ఇరుక్కుని ఉన్నాడు.

"గేట్ పడింది సాబ్. క్యా కరూఁ? జల్దీ రమ్మంటే రైలు వింటదా?" అన్నాడు.

చివరికి వచ్చి సంచులు ఒక్కచోటే గుమ్మరించాడు. ఎవరి చెప్పు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఆడవాళ్ళందరూ ఆ కుప్పలో వంగి గంటసేపు వెతికారు. శోభారాణి మేడం కూడా కొంగు నడుముకి చెక్కి, కుప్ప మధ్యలో కూర్చుని, "గిది ఎవరిది? గిది ఎవరిది?" అంటూ జతలు కలిపి ఇచ్చింది. లోపలికి వచ్చాక చేతులు కడుక్కుని, ఒక హవాయి చెప్పు పట్టీ వేలితో లాగి చూపించింది.

"సాయినాథ్, గీ పట్టీ ఎట్ల ఎండిందో జూసినవా? మంచినీళ్ళ ఫిల్టర్ ఖరాబై నెల అయింది. రెండో బాత్రూంకు తాళం ఏసి పండుగ కాడికెల్లి తీస్తలేరు."

రెండూ నిజమే. పట్టీకీ ఫిల్టర్‌కీ సంబంధమేమిటో ఆ రాత్రి ఎంత ఆలోచించినా సాయినాథ్‌కి అందలేదు. అది తన బుర్ర తక్కువదనమే అనుకున్నాడు. ఫిల్టర్ బాగుచేయించారు, తాళం తీశారు.

మూడో ఏడు, అంటే పోయిన సంవత్సరం, జానకిరామయ్య గారు బ్రహ్మాస్త్రం తీశారు. అందరికీ ఒకే రకం నీలం హవాయి చెప్పులు కొని, ఆడిట్ రోజు పొద్దున్నే గేటు దగ్గర పంచిపెట్టి, పాతవి ఇంటికి పంపేశారు.

"అరుగుదల ఉంటే కదయ్యా చదివేది. ఇవాళ ఏం చదువుతుందో నేనూ చూస్తా," అని మురిసిపోయారు. పనివాళ్ళు కూడా మురిసిపోయారు. ఊరికే వచ్చిన చెప్పులు ఆ ఫ్యాక్టరీ చరిత్రలో అవే.

మేడం వచ్చింది. గేటు నుంచి మెట్ల దాకా నీలం చెప్పులు బారులు తీరి ఉన్నాయి. మెట్టు మీద కూర్చుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, "ఒకటి. రెండు. మూడు," అని గట్టిగా అందుకుంది.

సాయినాథ్ ఆఫీసు కిటికీ మెట్ల వైపే ఉంటుంది. చెప్పుల శాస్త్రం ఈసారైనా పట్టుబడుతుందేమోనని కిటికీ దగ్గరే నిలబడ్డాడు. టీ వేళకి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు, చెప్పుల్లో కాళ్ళు దూర్చి పోతున్నారు. ఐలమ్మ వచ్చింది. చెప్పుల ముందు ఆగింది. నడుము వంచి, రెండు చేతులతో చెప్పు సర్దుకుంటూ ఉండిపోయింది. "నలభై ఆరు. నలభై ఏడు," అని మేడం గొంతు ఇంకొంచెం పెద్దదైంది. ఐలమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకో ఆవిడ వచ్చి అలాగే వంగింది. "నలభై ఎనిమిది."

సాయినాథ్ చేతిలో టీ చల్లారిపోయింది. హవాయి చెప్పు వేసుకోవడానికి వంగాల్సిన పనేముంది? కాలు దూరిస్తే చాలు. అతను పుట్టి బుద్ధెరిగాక హవాయి చెప్పు కోసం నడుము వంచిన మనిషిని చూడలేదు.

మధ్యాహ్నం ఓనర్ గారి గదిలో మేడం కొత్త చెప్పు ఒకటి టేబుల్ మీద పెట్టింది. దాని అడుగున ధర చీటీ ఇంకా ఊడలేదు.

"ఎనక తలుపు ఇయ్యాల తెరిచిన్రు. రోజూ గొలుసేసి తాళం ఏస్తరు. ముంగట అట్టపెట్టెలు పేరుస్తరు. లోపల బట్ట, దారం, రెండు వందల మంది. రేపు ఒక నిప్పురవ్వ పడితే ఎటు పోవాలె?"

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నారు జానకిరామయ్య గారు.

"గీ చెప్పులే చెప్పినయి," అని, టిఫిన్ డబ్బా తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్ళిపోయింది.

జానకిరామయ్య గారు ఆ చెప్పు తిరగేసి చూశారు. ఆయన పెద్దగా చదువుకోలేదు గానీ తెలివితక్కువవాడు కాదు.

"పొద్దున పంచిన చెప్పు మధ్యాహ్నానికి ఏం చెప్తుందయ్యా? మనలో ఎవరో ఊదారు. సంచులు దొంగతనం పోతున్నాయని తలుపు వేయించాను గానీ ఎవర్నీ చంపాలని కాదు. ఆ మాట నాతో అనకుండా పైవాళ్ళకి చెప్తారా? సాయంత్రంలోగా నాకు పేరు కావాలి. రేపట్నుంచి ఆ మనిషి గేటు లోపలికి రాకూడదు."

పేరు సాయినాథ్ నాలుక చివరే ఉంది. చెప్పేస్తే ఐలమ్మ ఒక్కతే పోతుంది. చెప్పకపోతే కిటికీలోంచి చూసి దాచినందుకు తను పోవచ్చు. కొంపల్లిలో ఫ్లాటు అద్దె, పాప స్కూలు కళ్ళ ముందు తిరిగాయి. నిజం చెప్పాలంటే భయం వేసింది. అలాగే మెట్ల దగ్గరికి నడిచాడు. మేడం పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటోంది.

"మేడం, హవాయి చెప్పు ఏసుకోనీకి వంగాల్నా?"

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, మింగింది. "నడుం నొప్పి ఉంటే వంగుతరు."

"నడుం నొప్పి ఉన్నోళ్ళు అసలే వంగరు మేడం."

మేడం డబ్బా మూత పెట్టింది. "నేను ఫస్టు కుట్టుమిషన్ మీద పనిచేసిన, తెలుసా నీకు? జీడిమెట్ల దిక్కు ఒక షెడ్డుల. పంతొమ్మిదేండ్లు నాకు. ఒకరోజు ఆఫీసర్ వచ్చిండు. ఏమైనా తక్లీఫ్ ఉందా అమ్మా అని మంచిగ అడిగిండు. మంచిగ అడిగిండని ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆయన సీదా ఓనర్ రూంలకు పోయి, శోభారాణి గిట్ల చెప్పింది, ఏంది సంగతి అన్నడు. పొద్దుగాల గేటు కాడ నా కార్డు గుంజుకున్నరు."

"అయ్యో."

"కార్డు పోతె పోయింది. గా తోపులాటల నా చెప్పు ఒకటి లోపల్నే పడిపొయింది. కొత్తయి, నెల కాలే కొని. లోపలికి పోయి తెచ్చుకుంట అంటె పోనియ్యలే. ఒంటి చెప్పు ఏసుకుని నడిస్తే జనం నవ్వుతరని గది గూడ గేటు కాడ ఇడిచిపెట్టి ఉత్త కాళ్ళతోటి ఇంటికి పోయిన." ఆమె నవ్వింది. "గప్పటికెల్లి ఎక్కడికి పోయినా కండ్లు చెప్పుల మీదికే పోతయి. గింతకు నువ్వేం జూసినవ్ కిటికీలకెల్లి?"

సాయినాథ్ ఆమె మొహం వైపు చూడలేక నీలం చెప్పుల వైపు చూశాడు. ఈ మనిషి మూడేళ్ళుగా పదిమందిలో పిచ్చిదనిపించుకుంటూ ఎవరి పేర్లు కడుపులో దాచుకుందో అప్పుడు అర్థమైంది.

"నేనేం చూడలే మేడం," అని, ఒక చెప్పు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

"సార్, చెప్పులే చెప్పినయి," అన్నాడు జానకిరామయ్య గారితో.

"నీకూ పట్టిందా ఆ పిచ్చి?"

"చూడుండ్రి సార్. ఎనక తలుపు బందున్నదనుకో. అందరు ముంగట తలుపుకెల్లే తిరగాలె. మెట్లు దిగంగనే బాత్రూంల దిక్కు కుడికి మలగాలె. రెండు వందల మంది రోజుకు నాలుగుసార్లు కుడికే మలిగితే ఏమైతది? కుడికాలి బొటనవేలు కాడ బరువు పడుతది. అలవాటైన కాలు సార్ అది. కొత్త చెప్పు ఏసినా గంటల గుంట పడుతది. ఇగో, వేలు పెట్టి జూడుండ్రి."

జానకిరామయ్య గారు వేలు పెట్టి చూశారు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు. సాయినాథ్ వస్తూ వస్తూ ఆ చోట తన బొటనవేలితో శక్తికొద్దీ నొక్కుతూ వచ్చిన సంగతి ఆయనకి తెలీదు. ఆయన గది బయటికి వెళ్ళి, తన బూటు తెచ్చుకుని, కుడిది తిరగేశారు.

"నాది కూడా ఇక్కడే అరిగిందయ్యా," అన్నారు నెమ్మదిగా.

"మీరు గూడ ముంగట తలుపుకెల్లే తిరుగుతరు గద సార్."

ఆయన బూటు కింద పెట్టారు. "ఆ గొలుసు తీసి పారేయించు. తలుపు తెరిచే ఉంచండి. దొంగలకి వాచ్‌మన్‌ని పెడదాం గానీ ఈ చెప్పులతో మనం పడలేం," అన్నారు. పేరు సంగతి మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం కాగితం చివర మేడం మధ్యస్థం అని రాసి, పక్కన గొలుసు తీశారు అని చేర్చింది.

మొన్న ఆమె నాలుగోసారి వచ్చింది. ఈ ఏడాదిలో మెట్ల దగ్గర రెండు మార్పులు జరిగాయి. చెప్పుల మీద ఎండ పడకుండా సాయినాథ్ ఒక రేకు వేయించాడు, పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు వేయించాడు. ఓనర్ గారు ఆడిట్ రోజున తన బూట్లు ఇంట్లోనే వదిలి ఉత్తకాళ్ళతో కారు దిగారు. "మన గురించి అవి ఏం చెప్తాయో ఏమో," అని అబ్దుల్‌తో అన్నారట.

మేడం స్టూలు మీద కూర్చుంది. ఐలమ్మ వచ్చి తీరిగ్గా వంగి, తీరిగ్గా లేచి వెళ్ళింది. కిటికీకి సాయినాథ్ పొద్దున్నే పరదా వేసేశాడు. కాసేపటికి అతను కూడా బయటికి వచ్చి, బూట్లు తొడుక్కుని, తాళ్ళు కట్టుకోవడానికి కిందికి వంగాడు.

"మేడం," అన్నాడు తల ఎత్తకుండా. "పోయిన వారం కొత్తగ పన్నెండు మంది వచ్చిన్రు. కార్డుల్లేవు. ఇయ్యాల పనికి రావద్దని సేఠ్ చెప్పిండు."

"యాభై ఏడు. యాభై ఎనిమిది," అంది శోభారాణి మేడం గట్టిగా. అతని కాళ్ళ వైపు ఒకసారి చూసింది. "రెండో తాడు గూడ ఒదులైనట్టున్నది సాయినాథ్. నిమ్మళంగ కట్టుకో."

సాయినాథ్ రెండో బూటు మీదికి వంగాడు.